కందంలో ఆరో గణం: నియమం ఎన్ని దారులు మూస్తుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

కొన్ని వారాలుగా మీ లేఖల పేజీలో ఛందస్సు మీద వాదన నడుస్తోంది. ఒకరు నియమాలను సంకెళ్లన్నారు, ఇంకొకరు ఆభరణాలన్నారు. రెండు వైపులా ఆవేశం ఉంది, లెక్క లేదు. ఒక్కో నియమం ఎన్ని దారులు మూస్తోంది, ఎన్ని మిగులుస్తోంది అని ఎవరూ చూడలేదు. అది చూడకుండా సంకెల అన్నా ఆభరణం అన్నా గాలిలో మాటే. ఇదిలా ఉండగానే మీ ఆదివారం సంచిక సమస్యాపూరణ శీర్షికలో (ఇచ్చిన ఒక పాదం చివర వచ్చేలా పద్యం పూర్తి చేసేది) అచ్చయిన పూరణల్లో ఒకటి ఆరో గణం దగ్గర తప్పింది. చదవడానికి సాఫీగా ఉండటంతో ఎవరి కంటా పడలేదు. ఈ రెండు విషయాలకూ మూలం ఒకటే కాబట్టి కలిపి రాస్తున్నాం.

కందమే తీసుకుందాం. తెలుగు వాళ్లకు చిన్నప్పుడే నోటికొచ్చే పద్యం అది. ప్రాకృతంలో స్కంధకం, సంస్కృతంలో ఆర్యాగీతి, కన్నడంలోనూ కందమే. పొట్టిగా పలికే అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘమున్నదీ, సున్నా లేదా పొల్లు ఉన్నదీ, ఒత్తక్షరానికి ముందున్నదీ గురువు, దానికి రెండు. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి. అంటే సగం పద్యానికి ఎనిమిది గణాలు, గణానికి నాలుగు మాత్రలు, మొత్తం 32 మాత్రలు. లఘువును ‘ల’ అనీ గురువును ‘గ’ అనీ రాసుకుంటే, వాడదగిన గణాలు అయిదు: భ (గలల), జ (లగల), స (లలగ), నల (లలలల), గగ.

బడిలో ఈ అయిదు పేర్లనూ బట్టీ పట్టిస్తారు. అయిదే ఎందుకని అడిగే పిల్లవాడికి జవాబు చెప్పాలి. నాలుగు మాత్రల వరుస లఘువుతోనైనా ముగియాలి, గురువుతోనైనా ముగియాలి. లఘువుతో ముగిస్తే దాని ముందు మూడు మాత్రలుంటాయి, గురువుతో ముగిస్తే రెండు. కాబట్టి నాలుగు మాత్రల వరుసల సంఖ్య మూడు మాత్రలవీ రెండు మాత్రలవీ కలిపినంత. ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5, అయిదింటికి 8. ఆరో చతుర్మాత్రా గణం కోసం ఎంత వెతికినా దొరకదు. ఎవరో వద్దన్నందుకు కాదు, అలాంటిది ఉండే వీలే లేదు. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి 1202లో రాసిన సంఖ్యల వరుసా ఇదే. అంతకుముందే మన ఛందశ్శాస్త్రజ్ఞులు, విరహాంకుడూ పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడూ, మాత్రలను లెక్కిస్తూ దీన్ని చెప్పారు.

ఇప్పుడు నియమాలను ఒక్కొక్కటిగా దించుదాం. నియమమే లేకుండా 32 మాత్రలను లఘు గురువులతో నింపితే 35,24,578 వరుసలు వస్తాయి. ఇక్కడ మొదటి జల్లెడ పడుతుంది: నాలుగు మాత్రలకొక గణం తెగాలి, ఒకే గురువు సగం ఈ గణంలోకీ సగం ఆ గణంలోకీ పోకూడదు. గణానికి అయిదు రూపాలు, ఎనిమిది గణాలు, కాబట్టి అయిదును ఎనిమిది సార్లు గుణిస్తే 3,90,625. ఈ ఒక్క మెట్టులోనే తొమ్మిదింట ఎనిమిది వంతులు రాలిపోయాయి. కందం లక్షణం చెప్పేటప్పుడు దీన్ని నియమమని కూడా ఎవరూ పేర్కొనరు, ‘గణం’ అన్న మాటలోనే అది దాగి ఉంది. అన్నిటికన్నా పెద్ద జల్లెడ పేరు లేకుండా ఉండటం మాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా జారేదీ ఇక్కడే. మాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టి 12, 20 సరిపోయాయని తృప్తి పడతారు. నాలుగో మాత్ర దగ్గర గణం తెగిందా లేదా అని చూడరు.

రెండోది: బేసి గణంలో, అంటే 1, 3, 5, 7 స్థానాల్లో, జగణం రాకూడదు. ఆ నాలుగు చోట్లా అయిదు నాలుగవుతుంది. మిగిలేవి 1,60,000. మూడోది: ఆరో గణం నలమో జగణమో కావాలి. అక్కడ అయిదు రెండవుతుంది. మిగిలేవి 64,000. నాలుగోది: ఎనిమిదో గణం గురువుతో ముగియాలి, అంటే గగమో సగణమో. మళ్లీ అయిదు రెండు. మిగిలేవి 25,600.

ముప్పై అయిదు లక్షల నుంచి పాతిక వేలకు. సంకెళ్లన్నవారు ఈ సంఖ్య చూసి తమ మాటే నెగ్గిందనుకోవచ్చు. కానీ ఇది సగం పద్యానికే, అందులోనూ అక్షరాలు ఇంకా పడలేదు, వట్టి లఘు గురువుల చట్రాలే. ఒక్కో చట్రంలో ఎన్ని మాటలు ఇముడుతాయో తెలుగు నిఘంటువు విప్పితే తెలుస్తుంది. సంస్కృతంలోని ఆర్య అనే ఛందస్సుకు పూర్వులు ఇదే పద్ధతిలో 8,19,20,000 భేదాలు లెక్కగట్టారు. పూర్వార్ధానికి 12,800, ఉత్తరార్ధానికి 6,400, రెంటినీ గుణిస్తే అంత. ఛందస్సును లెక్కతో చూడటం మన వాళ్లకు కొత్త కాదు, మధ్యలో మనమే మానేశాం.

ఇంకో నియమం ఉంది, దాని తీరు వేరు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావడం ప్రాస. ప్రాసకు ముందున్న అక్షరం, అంటే పాదం మొదటి అక్షరం, ఒక పాదంలో గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే కావాలి, లఘువైతే అన్నిటా లఘువే. పై నాలుగు నియమాలూ ఒక్కో గణాన్ని దాని చోట పరీక్షిస్తాయి. ఇది పాదాలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. ఇది లేకపోతే పూర్తి పద్యానికి 25,600ను 25,600తో గుణించి 65,53,60,000 చట్రాలు. ఇది చేరాక గురువుతో మొదలయ్యేవి 2,62,14,400, లఘువుతో మొదలయ్యేవి 5,89,82,400, మొత్తం 8,51,96,800. సరిగ్గా నూటికి పదమూడు. ఏ పాదానికి ఆ పాదం నిర్దోషంగా ఉండి, నాలుగూ కలిసేసరికి పద్యం చెడేది ఈ నియమం దగ్గరే. విడివిడిగా దిద్దే ఉపాధ్యాయుడికి ఈ తప్పు దొరకదు.

తర్కం అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. నియమాలు చెప్పినవి కొన్నే, వాటి నుంచి తప్పనిసరిగా వచ్చేవి ఇంకా చాలా ఉన్నాయి. ఒకటి చూడండి. మొదటి పాదం లఘువుతో మొదలైందనుకుందాం. మొదటి గణం బేసి, జగణం కుదరదు. లఘువుతో మొదలయ్యేవి జ, స, నల. జ పోగా స, నల మిగిలాయి. ఆ రెండింటిలోనూ రెండో అక్షరం లఘువే. కాబట్టి కందంలో ఒకటో పాదం, అలాగే మూడో పాదం, లఘువుతో మొదలైతే రెండో అక్షరం కూడా లఘువు అయి తీరాలి. ఏ లక్షణ పద్యంలోనూ ఈ మాట లేదు. అయినా రాసిపెట్టిన నియమానికి ఎంత బలముందో దీనికీ అంతే ఉంది.

దీని ఫలితం వెంటనే చేతికొస్తుంది. సమాజం, పురాణం, స్వరాజ్యం, ప్రపంచం వంటి మాటలు లఘువు, ఆ వెంటనే గురువుతో మొదలవుతాయి. వీటితో కందం ఎత్తుకోలేం. మూడో పాదమూ ఎత్తుకోలేం. రెండో పాదం, నాలుగో పాదం మాత్రం ఎత్తుకోవచ్చు, అక్కడ నాలుగో గణం సరి స్థానం కాబట్టి జగణం చెల్లుతుంది. ‘ప్రపంచ’ అని మొదలుపెట్టి గంటసేపు తంటాలు పడి ‘కందం నాకు రాదు’ అని వదిలేసే పిల్లలున్నారు. రానిది వాళ్లకు కాదు, ఆ మాట ఆ చోటికి రాదు. ఈ సంగతి ముందే చెప్పగలిగితే ఒక గంట మిగులుతుంది, ఒక పిల్లవాడూ మిగులుతాడు.

పాదం మధ్యలో అదే ‘ప్రపంచము’ను మూడు రకాలుగా కూర్చోబెట్టవచ్చు. ‘ప్రపంచ’ అంతా ఒక జగణం కావచ్చు, సరి స్థానంలో మాత్రమే. ‘ప్ర’ ముందు గణానికి చివరి లఘువై, ‘పంచము’ తర్వాతి భగణం కావచ్చు. లేదా ‘ప్రపం’ ముందు గణమైన సగణంలో చివరి భాగమై, ‘చము’ తర్వాతి గణంలోకి పోవచ్చు. నాలుగో తీరు లేదు. చేయి తిరిగిన కవులు ఇది ఆలోచించకుండానే చేస్తారు, నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇలా విప్పి చూపించాలి.

ఇక ఆరో గణం. నల (లలలల), జ (లగల). ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? రెండు చివర్లా లఘువే. అయిదు గణాల్లో ఇంకదేనికీ ఆ లక్షణం లేదు: భగణం ముందు గురువు, సగణం చివర గురువు, గగంలో రెండూ గురువులే. కాబట్టి ‘నలమో జగణమో’ అని రెండు పేర్లు గుర్తుంచుకునే బదులు, ఆరో గణం లఘువుతో మొదలై లఘువుతో ముగియాలి అని ఒక్క పరీక్ష పెట్టుకుంటే చాలు. ఎనిమిదో గణానికి చివర గురువు ఒక్కటే షరతు అని చెబుతారు. ఆ షరతు నుంచే గగ, స అన్న రెండూ వాటంతటవే తేలుతాయి.

అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఉంది: అవధాని పద్యం చెబుతుంటే పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, తర్వాతి అక్షరానికి ఒక హల్లును నిషేధిస్తూ పోతాడు. అక్కడ అవధానికి పనికొచ్చేది ఇదే. ఆరో గణం మొదటి అక్షరం లఘువు అని ముందే తేలిపోయింది. రెండో అక్షరం దగ్గర మాత్రమే ఎంపిక ఉంది. లఘువు వేస్తే మూడు, నాలుగు లఘువులే. గురువు వేస్తే మిగిలిన ఒక్కటీ లఘువే. పృచ్ఛకుడు హల్లును నిషేధిస్తున్నాడు తప్ప లఘు గురువులను కాదు. అవధాని బుర్రలో ఒక పట్టిక ఛందస్సు మూసిన దారులది, ఇంకోటి పృచ్ఛకుడు మూసిన దారులది. రెండు పట్టికలూ ఒకదాని మీద ఒకటి పడ్డాక మిగిలిన ఖాళీలోంచి అర్థమున్న మాట లాగాలి. అదంతా జ్ఞాపకశక్తి మహిమ అనుకుంటాం, కానీ అందులో సగానికి పైగా ఈ తోసివేతే.

సమస్యాపూరణలో ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూపిస్తాం. ఈ ఉత్తరం కోసమే కట్టిన సమస్య ఇది:

చినుకే పడనట్టి యేట చెరువులు నిండెన్

ముందు కొలుద్దాం. చినుకే (లలగ, స), పడన (లలగ, స, ‘ట్టి’ ముందున్న ‘న’ గురువు), ట్టి యేట (లగల, జ), చెరువులు (నల), నిండెన్ (గగ). పాదంలో అయిదు గణాలు, మూడోది, అంటే పద్యార్ధంలో ఆరోది, జగణం, చివర గురువు. పాదం ‘చి’తో మొదలై నాలుగో గణం ‘చె’తో మొదలైంది, యతి (ఆ రెండు చోట్ల అక్షరాల పొత్తు) కుదిరింది. అంటే ఇది కందానికి నాలుగో పాదం.

భావం సంగతి ఇంకా తలచుకోలేదు, అయినా ఎంత తేలిపోయిందో చూడండి. మొదటి అక్షరం లఘువు కాబట్టి మిగిలిన మూడు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి. ప్రాస నకారం. ఇందాక తేల్చిన ఫలితం ప్రకారం ఒకటి, మూడు పాదాల్లో ఆ నకారం లఘువే: న, ని, ను, నె, నొ. కాబట్టి కను, మన, తన, విను, పని, ముని వంటి మాటలే ఆ రెండు పాదాలనూ ఎత్తుకోగలవు. చట్రాల లెక్క కూడా తేలిగ్గా వస్తుంది. లఘువుతో మొదలయ్యే పూర్వార్ధానికి 7,680 చట్రాలు, మూడో పాదానికి 40, గుణిస్తే 3,07,200. ఎనిమిదిన్నర కోట్ల నుంచి మూడు లక్షల చిల్లరకు, ఒక్క పాదం ఇచ్చినందుకు.

ఇప్పుడు భావం. చినుకు పడలేదు, చెరువులు నిండాయి. విరోధంలా కనిపిస్తోంది. కానీ ఈ రెండు వాక్యాలకు మధ్య నేరుగా విరోధం లేదు. చెరువు నిండాలంటే ఆ చోటే వాన పడాలి అన్న మూడో వాక్యాన్ని మనం చెప్పకుండానే చేర్చుకున్నాం, విరోధం దానివల్ల పుట్టింది. పూరణ చేసేవాడు చేయాల్సింది ఆ దాగిన మూడో వాక్యాన్ని పట్టుకుని కొట్టేయడం. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల్లో. అక్కడ కురిసింది ప్రకాశం బ్యారేజీ దాకా వచ్చి డెల్టా కాలువల్లోకి మళ్లుతుంది. ఊళ్లో మబ్బు కూడా పట్టని ఏట చెరువులు నిండటం డెల్టా రైతులకు వింత కాదు.

కనుమల మీదను కురిసిన
ఘనమగు వానలకు కృష్ణ గట్టులు దాటన్
మన కాలువలకు నీరిడ
చినుకే పడనట్టి యేట చెరువులు నిండెన్

గొప్ప కవిత్వమని చెప్పుకోం, కొలతకు నిలుస్తుందని మాత్రం చెప్పగలం. మొదటి పాదం: కనుమల (నల), మీదను (భ), కురిసిన (నల). రెండో పాదం: ఘనమగు (నల), వానలు (భ), కు కృష్ణ (జ), గట్టులు (భ), దాటన్ (గగ). ఘ, గ యతి. మూడో పాదం: మన కా (స), లువలకు (నల), నీరిడ (భ).

రెండో పాదంలో ఆరో గణాన్ని దగ్గరగా చూడాలి, మీ సంచికలో వచ్చిన తప్పు రకం ఇక్కడే బయటపడుతుంది. ‘వానలకు’లో చివరి ‘కు’ ఆరో గణానికి మొదటి లఘువైంది. మిగిలింది మూడు మాత్రలు. మూడు మాత్రలకు మూడే రూపాలు: గల, లగ, లలల. ‘కృష్ణ’ గల, చెల్లింది. దాని బదులు ‘నదులు’ అంటే లలల, గణం నలమవుతుంది, అదీ చెల్లుతుంది. ‘వాగు’ కూడా గల, చెల్లుతుంది. ‘నదీ’ అంటే లగ. ‘ఘనమగు వానలకు నదీ గట్టులు దాటన్’ అని చదివి చూడండి. మాత్రలు 20 ఉన్నాయి. గణాలు అయిదూ సరిగ్గా తెగాయి. యతి ఉంది, ప్రాస ఉంది, చివర గురువుంది. నోటికి అడ్డం తగలదు. కానీ ఆరో గణం ‘కు నదీ’, లలగ, సగణం. కందం కాదు. అయిదు పరీక్షలు నెగ్గి ఆరోదాంట్లో ఓడిన పాదం చెవికి పట్టుబడదు. చెవి మొత్తం నడకను వింటుంది. ఆరో చోట ఏముందో వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

‘కు కృష్ణ’లో ఇంకో ఉచ్చుంది. ‘కృ’ను సంయుక్తాక్షరమనుకుని దాని ముందున్న ‘కు’ను గురువుగా లెక్కించేవాళ్లు చాలామంది. వట్రసుడి అచ్చు, హల్లు కాదు. కాబట్టి ‘కు’ లఘువే. ‘క్రి’ అయితే అది సంయుక్తం, కానీ అక్కడా ఆగి చూడాలి: తెలుగులో వేరు వేరు పదాలైనప్పుడు తర్వాతి పదం మొదట ఉన్న సంయుక్తం ముందు పదం చివరి అక్షరాన్ని గురువు చేయదు. ‘మన ప్రజ’లో ‘న’ లఘువే. సంస్కృత సమాసం లోపలైతే చేస్తుంది. ఈ తేడా తెలియక ఒప్పును తప్పని కొట్టేసిన సందర్భాలు, తప్పును ఒప్పని దాటించిన సందర్భాలు రెండూ ఉన్నాయి. పాదాంతంలో ద్రుతం (చివరి ‘న్’) మర్చిపోవడం మూడోది. ‘నిండెన్’ గగ, ‘నిండె’ గల. ఒక మాత్ర తగ్గింది, చివరి గురువూ పోయింది. ఇక మూడో పాదాన్ని ‘మన’ బదులు ‘మా నేల’ అని ఎత్తుకుని మిగతాది దానికి తగ్గట్టు రాసుకుంటే ఆ పాదం వరకు గగంతో మొదలై నిక్షేపంగా ఉంటుంది, నకార ప్రాస కూడా ఉంటుంది, కానీ ‘మా’ గురువు కాబట్టి మిగతా మూడు పాదాలతో పొసగదు.

పదో తరగతి పరీక్షలో వృత్తాలను గుర్తించే ప్రశ్న గురించీ ఒక మాట. ఉత్పలమాల (భ ర న భ భ ర వ), చంపకమాల (న జ భ జ జ జ ర), శార్దూలం (మ స జ స త త గ), మత్తేభం (స భ ర న మ య వ), ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అని తెలిసినప్పుడు పాదమంతా గణవిభజన చేసి పేరు వెతకనవసరం లేదు. మొదటి మూడు అక్షరాలు చాలు: గలల అయితే ఉత్పలమాల, లలల చంపకమాల, గగగ శార్దూలం, లలగ మత్తేభం. పైగా ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది, శార్దూలానికి అదే చేస్తే మత్తేభం. యతిస్థానం 10 నుంచి 11కూ, 13 నుంచి 14కూ ఎందుకు జరిగిందో దీంతోనే తెలుస్తుంది, నాలుగు సంఖ్యలు బట్టీ పట్టే పని తప్పుతుంది.

అయితే ‘ఈ నాలుగింటిలో’ అన్న మాటే మొత్తం బరువు మోస్తోంది. తరళాన్ని (న భ ర స జ జ గ) అయిదోదిగా చేర్చండి. అదీ లలలతోనే మొదలవుతుంది. అప్పుడు మూడక్షరాలు చాలవు, నాలుగోది చూడాలి: లఘువైతే చంపకమాల, గురువైతే తరళం. ఎన్ని అవకాశాల్లోంచి తోసేస్తున్నామో ముందు స్పష్టంగా చెప్పుకోకపోతే తోసివేతకు విలువ లేదు. ఇది పిల్లలకు చెప్పకుండా కిటుకు మాత్రం చెబితే వాళ్లను మోసం చేసినట్టే.

ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 లఘు గురు వరుసలున్నాయి. ఉత్పలమాల వాటిలో ఎన్నోదో కూడా చెప్పవచ్చు. పింగళుడి కాలం నుంచీ ఉన్న ఉద్దిష్టమనే పద్ధతి అదే. పాదంలో అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు చేస్తూ రాయాలి. లఘువుల మీద పడిన సంఖ్యలు మాత్రమే కూడాలి. ఒకటి కలపాలి. ఉత్పలమాలలో లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో ఉన్నాయి. వాటి మీది సంఖ్యల మొత్తం 3,55,798, ఒకటి కలిపితే 3,55,799. లక్షణ గ్రంథాల్లో ఉత్పలమాల పక్కన కనిపించే సంఖ్య ఇదే. చంపకమాలకు ఇలాగే 7,11,600 వస్తుంది. లెక్కల మాస్టారు, తెలుగు మాస్టారు కలిసి ఒక పీరియడు తీసుకుంటే తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని పలక మీద చేసి చూపగలరు.

ఇన్ని దారులు మూసుకుపోయాక కవికి మిగిలేదేమిటని సంకెళ్ల పక్షం వారు అడుగుతారు. నియమం ‘ఇది వద్దు’ అని చెబుతుంది, ‘ఇది రాయి’ అని ఎన్నడూ చెప్పదు. పైపద్యంలో ‘కృష్ణ’ను ఛందస్సు ఎంచలేదు. వాగు, నదులు, కృష్ణ మూడింటినీ అది సమానంగా ఆమోదించింది. వాటిలో కృష్ణ ఉంటేనే కనుమలకూ కాలువలకూ లంకె కుదురుతుందన్నది భావం చేసిన నిర్ణయం. ‘నదీ’ని కొట్టేసింది మాత్రం ఛందస్సే. ఈ రెండు పనులనూ కలిపేసి మాట్లాడటం వల్లే వాదన తెగడం లేదు. ఆభరణాల పక్షం వారికీ ఇదే జవాబు: చట్రం కుదిరినంత మాత్రాన అది దేన్నీ అలంకరించదు. 8,51,96,800 చట్రాల్లో ఏ ఒక్కటీ స్వయంగా అందమైనది కాదు.

మీ పత్రికకు మా విన్నపాలు మూడు. సమస్య ఇచ్చేటప్పుడు దాని కింద గణవిభజన అచ్చువేయండి, ఒక్క పంక్తి చోటు పడుతుంది. పూరణ ప్రచురించేటప్పుడు కూడా అంతే. రెండోది, ప్రతి వారం తిరస్కరించిన పూరణల్లో ఒకదాన్ని, పంపినవారి పేరు లేకుండా, ఎన్నో గణంలో ఏ నియమం తప్పిందో చెబుతూ వేయండి. ఒప్పయిన పది పద్యాలు చదివినా నేర్చుకోలేనిది తప్పిన ఒక్క పాదం దగ్గర నేర్చుకోవచ్చు. మూడోది, పిల్లల పేజీలో ఖాళీ పూరించే అభ్యాసం పెట్టండి. ‘ఘనమగు వానలకు ——— గట్టులు దాటన్’ అని ఇచ్చి, నదులు, నదీ, వాగు, ఏరులు, కృష్ణ, ఝరీ అన్న మాటల్లో ఏవి ఇముడుతాయో, ఇమడనివి ఎందుకు ఇమడవో రాయమనండి. ‘ఏరులు’ దగ్గర చాలామంది ఆగిపోతారు. అది గలల, నాలుగు మాత్రలు. ఖాళీలో ఉన్నది మూడే. ‘నదీ’, ‘ఝరీ’ మాత్రల్లో సరిపోయి వరుసలో తప్పుతాయి. ఒకే ఖాళీలో రెండు రకాల తప్పులు పక్కపక్కన కనిపిస్తాయి.

ఆరో గణం తప్పిన ఆ పూరణకు వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. రాసినవారి భావం బాగుంది. అక్కడ సగణం తీసేసి నలం పెడితే చాలు, మిగతా పద్యం కదపనవసరం లేదు.

ఇట్లు,
తెలుగు భాషోపాధ్యాయులు కొందరు,
విజయవాడ